పోరస్ టైటనేట్ పనికి 100 మి.లీ. టెఫ్లాన్ ఆటోక్లేవ్: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

ద్రావణాన్ని గట్టిగా మూసి ప్రెషర్ కింద వేడిచేసే పాత్రే ఆటోక్లేవ్: పైన 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు, లోపల లైనర్ అని పిలిచే తెల్లటి టెఫ్లాన్ గిన్నె, మూత బిగించడానికి ఒక కడ్డీ. అంతే. గేజీ ఉండదు, సేఫ్టీ వాల్వు ఉండదు, కలియబెట్టే ఏర్పాటూ ఉండదు. ఫోటోకెటాలిసిస్ (వెలుతురు సాయంతో పొడి మీద రసాయన చర్య జరిపించడం) పని జరిగే ల్యాబుల్లో ఓవెన్ తలుపు తీస్తే ఇవి నాలుగైదు వరసగా కూర్చుని కనిపిస్తాయి. ఎవరు తయారుచేసినా డిజైన్ దాదాపు ఒకటే కాబట్టి ఈ రివ్యూ ఏ ఒక్క బ్రాండుకో కాదు, 100 మి.లీ. సైజులో దొరికే ఈ రకం మొత్తానికి.

తీర్పు ముందే చెప్పేస్తే: 130 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య కాస్టిక్ సోడాలో టైటనేట్ (టైటానియం, ఆక్సిజన్‌లతో పాటు సోడియం లాంటి లోహమో హైడ్రోజనో ఉండే పదార్థం) చేసుకోవడానికి ఇంతకంటే ఖరీదైన పాత్ర అక్కర్లేదు. క్యాటలాగులో రాసే 220 డిగ్రీలను మాత్రం నమ్ముకోవద్దు. పొడి సరిగా రాలేదని పాత్రను తిట్టేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, పని చెడేది ఎక్కువసార్లు ఓవెన్‌లో కాదు, ఆ తర్వాత సింకు దగ్గర, కడిగేటప్పుడు. అందుకే పాత్ర రివ్యూలో కడగడం గురించి ఇంత ఎందుకని అనుకోవద్దు.

ఈ పాత్రతో చేసే పని కొత్తదేం కాదు. జపాన్‌లో తోమోకో కసుగా బృందం 1998లో టైటానియాను (టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడిని) 10 మోలార్ (లీటరుకు 10 మోల్స్) సోడియం హైడ్రాక్సైడ్‌లో, అంటే కాస్టిక్ సోడాలో, 110 డిగ్రీల దగ్గర 20 గంటలు ఉంచి, సుమారు 8 నానోమీటర్ల వ్యాసం ఉన్న గొట్టాలు తెప్పించింది. వాటి ఉపరితల వైశాల్యం గ్రాముకు 400 చదరపు మీటర్ల దాకా వచ్చింది. అందరూ పోలికకు వాడే పీ25 టైటానియాకు అది 50 చుట్టుపక్కలే. అంటే ఒక ఓవెన్, కాస్టిక్ సోడా, ఈ డబ్బా ఉంటే అదే గ్రాము పొడిలో ఎన్నో రెట్ల ఉపరితలం దక్కుతుంది. ఆశ పుట్టించే లెక్కే. దాన్ని చివరిదాకా కాపాడుకోవడమే కష్టం.

ముందు పాత్రను దగ్గరగా చూద్దాం. 100 మి.లీ. అని చెక్కి ఉన్నా లైనర్‌లో నిజంగా ఎంత పడుతుందో నీళ్లు పోసి కొలుచుకోవాల్సిందే. లైనర్ మూతకు అడుగున ఒక మెట్టు ఉంటుంది, అది గిన్నెలోకి దిగి కొంత చోటు తినేస్తుంది. మూత పెట్టాక మిగిలే ఘనపరిమాణమే అసలు లెక్క. దాంట్లో మూడింట రెండు వంతులు నింపితే హాయి, 80 శాతం ఆఖరి హద్దు. ఎందుకంటే నీళ్లు 150 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, 200 దగ్గర 15 శాతం. ఆవిరికి చోటు లేకుండా ద్రవమే మూతను తాకిందంటే లోపలి ప్రెషర్ ఇక ఆవిరి లెక్క ప్రకారం నడవదు. ద్రవమే నేరుగా స్టీలును తోస్తుంది. అక్కడ ఏ స్టీలూ ఆగదు.

ఆవిరి లెక్క కూడా గుర్తుంచుకోదగ్గదే. నీటి ఆవిరి ప్రెషర్ 150 డిగ్రీల దగ్గర 5 బార్‌కు కాస్త తక్కువ. 200 దగ్గర 15.5 బార్, 220 దగ్గర 23 బార్. వంటింటి కుక్కర్‌లో ఉండేది సుమారు 2 బార్, దానికి మళ్లీ విజిలూ సేఫ్టీ ప్లగ్గూ రెండూ ఉంటాయి. ఇక్కడ ఆ రెండూ లేవు. 10 మోలార్ కాస్టిక్ ద్రావణానికి ఆవిరి ప్రెషర్ మామూలు నీళ్లకంటే ఇంకా తక్కువ కాబట్టి టైటనేట్ పని 150 దగ్గర నిమ్మళంగా సాగిపోతుంది. అదే పాత్రలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసే పెరాక్సో టైటనేట్ రెసిపీలు చేయాలనుకుంటే ఆగండి. పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ వాయువు వస్తుంది, ఆ వాయువు చల్లారినా తగ్గదు. ముందు గాజు బీకరులో బుడగలు పూర్తిగా ఆగేదాకా విడగొట్టాకే లోపల పోయాలి. యూరియా, కార్బొనేట్‌లు వాడినా ఇదే జాగ్రత్త, నింపే మోతాదు సగానికి తగ్గించాలి.

ఈ డిజైన్‌లో అసలు బలహీనత సీలు. టెఫ్లాన్ వేడికి స్టీలుకంటే ఏడు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. వ్యాసం ఉన్న లైనర్ 150 డిగ్రీలకు చేరేసరికి ముప్పాతిక మిల్లీమీటరు పెరగాలని చూస్తుంది. చుట్టూ ఉన్న స్టీలు దానికి అంత చోటివ్వదు. వేడిగా ఉన్నప్పుడు ఆ బిగుతే సీలును కాపాడుతుంది. అయితే అదే బిగుతుకు టెఫ్లాన్ మెల్లగా జారి తన ఆకారం మార్చుకుంటుంది, చల్లారాక ముందున్నదానికంటే చిన్నదవుతుంది. అందుకే ఓవెన్‌లోంచి తీసిన డబ్బాను కుళాయి కింద పెట్టకూడదు. బయటి స్టీలు, లోపలి టెఫ్లాన్ వేర్వేరు వేగాలతో కుంచించుకుపోయి మూత దగ్గర సందు ఏర్పడుతుంది, లోపల ఇంకా ప్రెషర్ ఉంటే ఆ సందులోంచి కాస్టిక్ చిమ్ముతుంది. ఓవెన్ ఆపేసి లోపలే వదిలేయండి. నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. చేత్తో హాయిగా పట్టుకోగలిగితేనే మూత తిప్పాలి. అప్పుడూ ముఖానికి షీల్డు, చేతికి నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. 10 మోలార్ కాస్టిక్ కంట్లో పడితే నీళ్లతో కడిగి ఊరుకునే వ్యవహారం కాదు, ఆసుపత్రికి పరుగే.

కొత్త పాత్ర రాగానే రసాయనాలు పోయకండి. 70 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి, మొత్తం డబ్బాను తూచి, 150 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచి, చల్లారాక మళ్లీ తూచండి. ఒక గ్రాముకంటే ఎక్కువ తగ్గితే మూత సరిగా కూర్చోవడం లేదని అర్థం. కొన్ని డబ్బాల్లో లైనర్ మూత మీద ఒక స్టీలు బిళ్ల వస్తుంది, దాన్ని తలకిందులుగా పెట్టినా ఇలాగే కారుతుంది. చేత్తో బిగుసుకున్నాక కడ్డీతో ఇంకో పావు తిప్పు చాలు. బలం ఉంది కదా అని మరీ బిగిస్తే టెఫ్లాన్ అంచు చితికిపోతుంది. పైగా స్టీలు మీద స్టీలు మరలు పట్టేసుకుని తర్వాత సుత్తి తెచ్చుకోవాల్సి వస్తుంది. మరలకు చిటికెడు గ్రాఫైట్ పొడి రాస్తే ఆ గొడవ ఉండదు.

పాత్రలో కనిపించని ఇంకో లోపం ఆలస్యం. టెఫ్లాన్ వేడిని బాగా ఆపుతుంది. ఓవెన్ తెర మీద 150 కనిపించిన గంటన్నర, రెండు గంటలకు గానీ లోపలి ద్రావణం ఆ వేడికి చేరదు. ఆరు గంటల రెసిపీ అయితే ఈ తేడా చాలా పెద్దది. ఎవరి పేపర్‌నో చూసి చేసినప్పుడు ఫలితం కలవకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. టైటనేట్‌కు 24 గంటలు పెట్టుకుంటే ఈ బెడద పెద్దగా అంటదు.

ఇక మోతాదు. 28 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ గుళికల్ని 60 మి.లీ. నీళ్లలో కొంచెం కొంచెంగా కరిగించి, చల్లారాక 70 మి.లీ. చేస్తే 10 మోలార్ వస్తుంది. గాజులో కాదు, పాలీప్రొపిలీన్ బీకరులో, చుట్టూ మంచు నీళ్లు పెట్టి. వేడి కాస్టిక్ గాజును తింటుంది, ఆ సిలికా నేరుగా మీ టైటనేట్‌లోకి వస్తుంది. దీంట్లో 1.5 గ్రాముల పీ25 పోసి అరగంట కలియబెట్టి, పది నిమిషాలు సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో గడ్డలు విడగొట్టే పరికరం) పెట్టాలి. ఈ పాత్ర కలపదు కాబట్టి పొడి అడుక్కి దిగిపోవడం ఖాయం. గడ్డలుగా దిగితే గడ్డ పైపొర మాత్రమే టైటనేట్ అవుతుంది, నడుమ అనాటేజ్ (టైటానియా స్ఫటిక రూపాల్లో ఒకటి) అలాగే మిగులుతుంది. మంచి స్లర్రీ ఇడ్లీ పిండికంటే బాగా పల్చగా, గరిట తీస్తే గీత నిలవకుండా ఉండాలి. రెండు గ్రాములు దాటిస్తే గంజిలా చిక్కబడుతుంది, ఆ చిక్కదనంలో ప్రతిచర్య సమంగా జరగదు.

పీ25 దొరక్కపోతే పెయింటు గ్రేడు టైటానియాతో సరిపెట్టుకోవచ్చా అని తరచూ అడుగుతారు. పెయింటు గ్రేడు పొడికి అల్యూమినా, సిలికా పూతలు వేస్తారు, ఎండకు పెయింటు చెడకుండా ఫోటోకెటాలిసిస్‌ను ఆపడానికే ఆ పూత. మనకు కావాల్సిన గుణాన్ని చంపేసి అమ్మే సరుకు అది. మన భీమునిపట్నం తీరపు ఇసుకలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం ఉన్నంత మాత్రాన మార్కెట్లో దొరికే ప్రతి తెల్ల పొడీ పనికొస్తుందనుకోకూడదు. పూత లేని అనాటేజ్ అయితే సరే. రేణువు పెద్దదైతే 24 గంటలకు బదులు 48 పట్టవచ్చు.

వేడి విషయంలో ఈ పాత్ర ఇచ్చే స్వేచ్ఛను తెలిసి వాడుకోవాలి. 110 నుంచి 150 మధ్య సన్నటి గొట్టాలొస్తాయి. 180 దాటాక పొడవాటి రిబ్బన్లు వస్తాయి, చూడ్డానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫోటోల్లో అందంగా ఉంటాయి గానీ ఉపరితల వైశాల్యం బాగా పడిపోతుంది. పోరస్ ఫోటోకెటలిస్ట్ కావాలనుకున్నవాళ్లకు 130 చాలు. ఎక్కువ వేడి పెట్టి పాత్ర ఆయుష్షు తగ్గించుకోవడం దండగ.

పాత్ర తెరిచాక పైన స్వచ్ఛమైన ద్రావణం, కింద పెరుగులా తెల్లటి ముద్ద కనిపించాలి. అడుగున గోరుతో గీస్తే గరగరలాడే పొర ఉంటే అది మారని టైటానియా. పైన తేలే ద్రావణాన్ని వంపేసి, ముద్దను నీళ్లతో పల్చబరిచి సెంట్రిఫ్యూజ్ చేయాలి. ఫిల్టర్ పేపర్‌తో మొదలెట్టకండి, ఈ ముద్ద పది నిమిషాల్లో రంధ్రాలన్నీ మూసేస్తుంది, రాత్రంతా కూర్చున్నా చుక్క దిగదు. నిమిషానికి 4000 నుంచి 5000 తిప్పులు, పది నిమిషాలు, అయిదారు సార్లు. పీహెచ్ 9-10కి దిగాక నీళ్లు ఆపి ఆసిడ్‌కు మారాలి.

ఆసిడ్ లెక్క వేసుకునే చేయాలి, చూపు మీద కాదు. 1.5 గ్రాముల టైటానియా నుంచి వచ్చే సోడియం ట్రైటైటనేట్‌లో సోడియం సుమారు 12.5 మిల్లీమోల్స్ ఉంటుంది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ 125 మి.లీ. దానికి సరిగ్గా సరి. సరిగ్గా సరి అంటే చాలదనే అర్థం. 400 మి.లీ. తీసుకుని, రెండు విడతల్లో, ఒక్కో విడత నాలుగైదు గంటలు కలియబెట్టాలి. విడత చివర పీహెచ్ 2 లోపే ఉండాలి. 3కి ఎక్కిందంటే సోడియం ఇంకా బయటికొస్తోంది, కొత్త ఆసిడ్ పోయాల్సిందే. తొందరపడి 1 మోలార్ ఆసిడ్‌ను వేడిచేసి పోస్తే సోడియంతోపాటు గొట్టాలూ పోతాయి. పొరలు కూలి ముందుగానే అనాటేజ్ అయిపోతుంది, మనం కట్టుకున్న రంధ్రాలు గల్లంతు.

ఆ తర్వాత మళ్లీ నీళ్లు. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. అయాన్లు పోతున్నకొద్దీ రేణువులు ఒకదాన్నొకటి తోసుకుని తేలడం మొదలెడతాయి. ముందు కడుగుళ్లలో అద్దంలా ఉన్న పై నీరు మూడో నాలుగో కడుగుకి పాలు కలిపినట్టు, అంచున లేత నీలంగా కనిపిస్తే ఆగిపోండి. ఇంకా కడిగితే పారబోసేది మురికి కాదు, మీ ప్రాడక్టు. క్లోరైడ్ మిగిలిందా లేదా అన్నది రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి చూస్తే తెలిసిపోతుంది, తెల్లగా మబ్బు కట్టకపోతే చాలు.

చివరి కడుగు నీళ్లతో కాక రెండుసార్లు ఇథనాల్‌తో చేసి 70 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. నీళ్లతోనే ఆరబెడితే ఆవిరయ్యే నీరు రేణువుల్ని దగ్గరికి లాగి గవ్వల్లాంటి గట్టి పెచ్చులు చేస్తుంది. నూరితే పొడి అవుతుంది కానీ మూసుకున్న రంధ్రాలు తెరుచుకోవు. ఇథనాల్‌తో వచ్చేది వేలితో నొక్కితే రాలిపోయే మెత్తటి పొడి. ఫ్రీజ్ డ్రయర్ ఉంటే ఇంకా మేలు.

తూకం కూడా ఒక పరీక్షే. టైటానియా మొత్తం హైడ్రోజన్ ట్రైటైటనేట్‌గా మారితే బరువు 7.5 శాతం పెరుగుతుంది, అంటే 1.5 గ్రాములకు 1.61 గ్రాములు. కడుగుళ్లలో కొంత పోయి 1.3, 1.4 వస్తే పని సవ్యంగా జరిగినట్టు. 2 గ్రాములు వచ్చిందని సంబరపడేవాళ్లు పీల్చుకున్న తేమనో, మిగిలిన సోడియాన్నో తూచుకుంటున్నారు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) టూ తీటా, అంటే కిరణం మళ్లిన కోణం, 10 డిగ్రీల దగ్గర వెడల్పాటి పీక్ పొరల మధ్య దూరానిది, అది ఉండాలి. 25.3 దగ్గర సూదిలా నిలబడితే మారని అనాటేజ్. సోడియం పోయిందో లేదో కొలిచే ఐసీపీ పరికరం అందుబాటులో లేకపోతే చిటికెడు పొడిని 700 డిగ్రీల దగ్గర కాల్చి ఎక్స్‌ఆర్‌డీ తీయండి. సోడియం హెక్సాటైటనేట్ గీతలు కనిపిస్తే మళ్లీ ఆసిడ్ కడుగుకి వెళ్లాలి.

ఆరిన ఈ హైడ్రోజన్ టైటనేట్‌ను అలాగే ఫోటోకెటలిస్ట్ అనుకుని వాడితే నిరాశే. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున వేడి పెంచి 400 దగ్గర రెండు గంటలు కాలిస్తే అనాటేజ్ అవుతుంది, అప్పుడే చురుకు. రంధ్రాలు కొంత తగ్గడం తప్పదు. 500 దాటిస్తే గొట్టాలు కూలి కడ్డీలవుతాయి, ఉపరితలం సగానికి పైగా పోతుంది, ఇంత శ్రమా పీ25 దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఫలితం కొలిచేచోట జరిగే మోసం కూడా చెప్పుకోవాలి, ఇది తెలియక జరిగే మోసమే. పొడి చురుకును కొలవడానికి దానిచేత విరగ్గొట్టించే రంగు మిథిలీన్ బ్లూ, దానిది ధన ఆవేశం, టైటనేట్ ఉపరితలం రుణ ఆవేశంతో ఉంటుంది. చీకట్లో పెట్టినా రంగు గబగబా మాయమవుతుంది. విరిగిపోలేదు, పొడికి అతుక్కుంది, అంతే. లీటరుకు 10 మి.గ్రా. ద్రావణం 100 మి.లీ.లో 50 మి.గ్రా. పొడి వేసి, లైటు వేసే ముందు కనీసం గంటసేపు చీకట్లో కలియబెట్టాలి. 664 నానోమీటర్ల వెలుతురు దగ్గర రంగు రీడింగ్ రెండుసార్లు ఒకటే వచ్చాకే అది సున్నా సమయం. ఆఖర్లో సెంట్రిఫ్యూజ్ ట్యూబు అడుగున ఉన్న పొడిని చూడండి. తెల్లగా ఉంటే రంగు విరిగింది, నీలంగా ఉంటే పొడి రంగును పీల్చి దాచుకుంది. శాంపిల్‌ను సిరంజి ఫిల్టరులోంచి పోస్తే ఫిల్టరు కూడా రంగు పీల్చుకుంటుంది, కాబట్టి సెంట్రిఫ్యూజే నయం. పక్కనే పీ25తో ఒకటి, పొడి లేకుండా లైటు ఒక్కదానితో ఇంకొకటి నడపకుండా వేసిన గ్రాఫుకు విలువ లేదు. రంగు లేని ఫినాల్‌తో కూడా చేసి చూపిస్తే అనుమానాలన్నీ తీరతాయి.

స్ట్రాన్షియం టైటనేట్‌కూ ఈ పాత్రే వాడుకోవచ్చు. గ్రాము హైడ్రోజన్ టైటనేట్‌కు స్ట్రాన్షియం హైడ్రాక్సైడ్ ఆక్టాహైడ్రేట్ లెక్క ప్రకారం 3.1 గ్రాములు, పది శాతం ఎక్కువ వేసి 3.4. నీళ్లు మరిగించి చల్లార్చినవి కావాలి, లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి స్ట్రాన్షియం కార్బొనేట్ ముందే తెల్లగా దిగిపోతుంది. దాని పెద్ద పీక్ 25.2 డిగ్రీల దగ్గర వస్తుంది. అనాటేజ్ పీక్ ఉండేది 25.3 దగ్గర. ఈ రెంటినీ తారుమారు చేసుకుని టైటానియా మారలేదని వేడి పెంచుకుంటూ పోయేవాళ్లున్నారు. పక్కన 25.8 దగ్గర రెండో గీత ఉందేమో చూడండి, ఉంటే అది కార్బొనేట్. పల్చటి ఎసిటిక్ ఆసిడ్‌తో కడిగితే బుడగలొచ్చి పోతుంది. టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కజునారి డోమెన్ బృందం 2021లో 100 చదరపు మీటర్ల ప్యానెళ్లతో ఎండలో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీసింది ఈ కుటుంబపు పదార్థంతోనే, అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో. ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతం.

కొనేముందు తేల్చుకోవాల్సినవి కొన్నే. కాస్టిక్ పనికి మాత్రమే అయితే 304 స్టీలు చాలు, కాస్టిక్ ఆవిరైపోయేది కాదు కాబట్టి తొడుగును ముట్టుకోదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో రూటైల్ (టైటానియా ఇంకో స్ఫటిక రూపం) పెంచే పని కూడా ఉంటే 316 అడగండి, దానికీ లోపలి గోడకు తుప్పు రావడం ఆలస్యమవుతుందే తప్ప ఆగదు, ఎందుకంటే ఆ ఆవిరి టెఫ్లాన్‌లోంచి కూడా మెల్లగా దాటుతుంది. 200 డిగ్రీలు దాటే పని నిజంగా ఉంటే పీపీఎల్ అనే ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే ప్లాస్టిక్ లైనర్ వేరే దొరుకుతుంది, టెఫ్లాన్‌ను అంతదాకా లాగకండి. తొడుగు అడుగున చిన్న రంధ్రం ఉందో లేదో చూడండి. ఇరుక్కున్న లైనర్‌ను కడ్డీతో కిందనుంచి తోయడానికి అదే దారి. అది లేని మోడళ్లలో లైనర్ బయటికి రాక స్క్రూడ్రైవర్‌తో పొడిచి పాడుచేసుకుంటారు.

లైనర్ అంచు మీద గోరుకు తగిలే గాడి పడినా, నీళ్ల పరీక్షలో బరువు తగ్గడం పెరిగినా దాన్ని పక్కన పెట్టేయాలి. టైటనేట్‌కూ స్ట్రాన్షియానికీ ఒకే లైనర్ వాడకూడదు, టెఫ్లాన్ గోడలో మిగిలిన తెల్లటి పొర తర్వాతి బ్యాచ్‌లోకి వస్తుంది. కాబట్టి ఎల్-1 (అందరికంటే తక్కువ ధర) కొటేషన్ చూసి చవకదే తీసుకున్నా, అదే బిల్లులో విడి లైనర్లు రెండు రాయించండి. ఏడాది తర్వాత అడిగితే ఆ సైజు ఇప్పుడు రావడం లేదంటారు, వేరే కొట్టు లైనర్ అర మిల్లీమీటరు తేడాతో మీ తొడుగులో కూర్చోదు.